ట్రంపెట్ మౌత్‌పీస్ మారుస్తున్నారా? ముందు షాంక్ చూడండి

చెన్నైలో పెళ్లి ఊరేగింపులకి వాయించే మన తమ్ముళ్లు చాలామంది మౌత్‌పీస్‌ని కప్పు (పెదవి ఆనించే గిన్నె భాగం) నంబరు చూసే కొనేస్తారు. బాక్ కంపెనీ 7సీ నంబరు కప్పు లోపలి వెడల్పు సుమారు 16.2 మిల్లీమీటర్లు, 3సీది 16.3. తేడా వెంట్రుకవాసే, పెదవికి తెలిసేది అంచు ఆకారమే.

అసలు చూడాల్సింది షాంక్, అంటే ట్రంపెట్ గొట్టంలోకి దూరే మౌత్‌పీస్ తోక. తుడిచి, మెల్లగా తిప్పుతూ దూర్చితే దాదాపు 25 మిల్లీమీటర్లు లోపలికెళ్లి కదలకుండా నిలవాలి. మరీ లోపలికి పోయి ఊగితే అది కార్నెట్‌ది (ట్రంపెట్ లాంటి చిన్న వాయిద్యం) కావచ్చు. కొంచెమే ఎక్కువ దిగితే షాంక్‌కి ఒక్క పొర సన్న కాగితం చుట్టి వాయించండి. పైస్థాయి స్వరాలు కుదురుకుంటే లోపం కప్పులో లేదు, కాబట్టి కొత్తది కొనకండి, షాంక్ సరిచేయించండి.

ఇక్కడి ఉక్కలో బంగారు పూత అంచు చెమటకి జారుతుంది, వెండిదే నయం. పూత అరిగి ఇత్తడి బయటపడితే కొందరికి పెదవి మండుతుంది. అలాంటి పాతది చవగ్గా వచ్చినా వద్దు.