ఉజ్వల గ్యాస్ కనెక్షన్: ఫారం తేలికే, చిక్కంతా రేషన్ కార్డులో

ఏజెన్సీలో "మీకు ఇప్పటికే గ్యాస్ ఉందమ్మా" అనిపించుకుని వెనక్కి వచ్చిన ఇల్లాలి వంటింట్లో చూస్తే కట్టెల పొయ్యే మండుతూ ఉంటుంది. ఏజెన్సీవాళ్లు అబద్ధం చెప్పినట్టూ కాదు. వాళ్ల కంప్యూటర్‌కు కనబడేది పొయ్యి కాదు, రేషన్ కార్డు.

ఉజ్వల అంటే పేదింటికి ఉచితంగా గ్యాస్ కనెక్షన్ ఇచ్చే కేంద్ర పథకం. ఈ కనెక్షన్ 18 ఏళ్లు నిండిన పేదింటి మహిళ పేరు మీదే ఇస్తారు. ఆ కుటుంబంలో ఏ కంపెనీ గ్యాసూ ఉండకూడదు. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాసుపుస్తకం, ఫొటో తీసుకుని దగ్గర్లోని ఏజెన్సీకి వెళ్తే చాలు. ఉజ్వల వెబ్‌సైట్‌లోనూ పెట్టుకోవచ్చు. పేదరికం గురించిన స్వీయ ప్రకటనను మాత్రం ప్రతి వరుసా చదివించుకుని సంతకం చేయండి. ఎవరు నింపినా పూచీ మీదే.

ఇక అసలు సంగతి. కార్డులో ఉన్న పెద్దవాళ్లందరి ఆధార్ నంబర్లూ అడుగుతారు. ఒక్కరి పేరున పాత కనెక్షన్ తేలినా దరఖాస్తు ఆగిపోతుంది. కొత్త కోడళ్లకు దెబ్బ తగిలేది ఇక్కడే. పెళ్లై మూడేళ్లయినా పేరు పుట్టింటి కార్డులోనే ఉంటుంది, అక్కడ అమ్మకు గ్యాస్ ఉంటుంది. ముందు అక్కడ పేరు తీయించి అత్తింటి కార్డులో ఎక్కించుకోవాలి. ఆంధ్రాలో గ్రామ, వార్డు సచివాలయంలో, తెలంగాణలో మీసేవలో ఈ పని అవుతుంది. మార్పు ఆన్‌లైన్‌లో కనబడ్డాకే ఏజెన్సీకి వెళ్లండి, రసీదు చూపిస్తే కుదరదు.

అత్తగారికి ఎప్పుడో దీపం అనే రాష్ట్ర ప్రభుత్వ పథకంలో వచ్చిన గ్యాస్ కనెక్షన్ ఉంటే? ఏళ్లుగా బండ నింపించకపోయినా రికార్డులో అది కనెక్షనే. కొత్తదాని కోసం తిరిగే బదులు, ఆ ఏజెన్సీలో కేవైసీ ఇచ్చి పాతదాన్నే తెరిపించుకోవచ్చేమో అడగండి. ఆమె చనిపోయి ఉంటే మరణ ధ్రువపత్రంతో, మిగతా వారసుల సమ్మతితో పేరు మార్చుకోవచ్చు. ఇటుక బట్టీలకు, కూలి పనులకు వలస వచ్చినవాళ్లకు రేషన్ కార్డూ చిరునామా రుజువూ లేకపోయినా స్వీయ ప్రకటన సరిపోతుంది. ఈ సంగతి ఎవరూ చెప్పరు, మీరే అడగాలి.

కాగితాలన్నీ సరిగ్గా ఉన్నా "కోటా లేదు" అనొచ్చు. అది ఎప్పుడూ సాకే కానక్కర్లేదు: 2025-26కు దేశం మొత్తానికి మంజూరైనవి 25 లక్షల కొత్త కనెక్షన్లే. అలాంటప్పుడు పైసలు పుచ్చుకుని "నేను ఇప్పిస్తా" అనేవాడు కోటాను పుట్టించలేడు. సిలిండర్, రెగ్యులేటర్‌ల డిపాజిట్, సురక్ష ట్యూబు (గ్యాస్ గొట్టం), గ్యాస్ పుస్తకం, బిగింపు, మొదటి బండ, స్టౌ, వేటికీ మీరు కట్టేది లేదు.

తర్వాతి బండ నుంచి పూర్తి ధర కట్టాలి, రాయితీ ఖాతాలో పడుతుంది. 2025-26లో అది 14.2 కిలోల బండకు రూ. 300 చొప్పున, 9 బండల వరకు. అది పడేది పాసుపుస్తకం ఇచ్చిన ఖాతాలో అనుకుంటారు. కాదు, ఆధార్‌కు చివరగా ముడిపడిన (మ్యాప్ అయిన) ఖాతాలో. డబ్బు రాలేదని ఏజెన్సీతో గొడవపడేముందు ఆధార్ వెబ్‌సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్, అంటే మీ ఆధార్ ఏ బ్యాంకుకు ముడిపడి ఉందో చూడండి.

బిగించేటప్పుడు స్టౌ గట్టు మీద, బండ నేల మీద నిలువుగా ఉండాలి. సబ్బు నీళ్లు రాసి బుడగలు వస్తున్నాయేమో మీ ముందే చూపించమనండి. వాసన వస్తే రెగ్యులేటర్ ఆపి, స్విచ్చులు ముట్టకుండా తలుపులు తెరిచి, 1906కు ఫోన్ చేయండి.

ఒక్కమాట. కూర గ్యాస్ మీద, అన్నం, స్నానాల నీళ్లు కట్టెల మీద అన్నట్టు నడిస్తే పొగ అలాగే ఉంటుంది. అందులోని సన్నని నుసి ఊపిరితిత్తుల లోతుకు దిగుతుంది. చుట్టా బీడీ ఎరగని ఆడవాళ్లకు సీఓపీడీ (ఊపిరి సరిగా ఆడనివ్వని దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు), చంకలోని పసిపిల్లలకు న్యుమోనియా వచ్చే ముప్పు ఈ పొగతో పెరుగుతుంది. బండ పొదుపు చేయక తప్పకపోతే ముందు నీళ్ల పొయ్యిని పెరట్లోకి మార్చండి, రాజేసేటప్పుడు పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.