ఇంగ్లండ్‌లో మ్యూజిక్ టీచర్ శిక్షణ: స్కూల్ ప్లేస్‌మెంట్‌కు దరఖాస్తు ఎలా చేయాలి?

శనివారం పొద్దున్న ఇంటి హాల్లో నలుగురైదుగురు పిల్లల్ని కూర్చోబెట్టుకుని సరళీ వరుసలు చెప్పే మన వాళ్లు ఇంగ్లండ్‌లో చాలా ఊళ్లలో ఉన్నారు. నేనూ అలాగే మొదలుపెట్టాను. ఎలాగూ చెబుతున్నాం కదా, స్కూల్లో టీచర్‌గా చేరితే బాగుండు అనిపించినప్పుడు అందరూ ముందు అడిగేది ఒకటే: ప్లేస్‌మెంట్‌కు, అంటే శిక్షణలో భాగంగా స్కూల్లో పనిచేయడానికి, ఎక్కడ అప్లై చేయాలి?

విడిగా ఎక్కడా చేయక్కర్లేదు. టీచర్ ట్రెయినింగ్ కోర్సులో సీటు వస్తే ప్లేస్‌మెంట్ దాంతోపాటే వస్తుంది. ఏ స్కూలుకు వెళ్లాలన్నది కోర్సు నడిపే యూనివర్సిటీయో, స్కూళ్ల బృందమో నిర్ణయిస్తుంది. కాబట్టి మన చేతిలో ఉన్నది కోర్సు దరఖాస్తు, ఆ తర్వాత కాగితాలు. ఎక్కువమంది టెన్షన్ పడేది మొదటిదాని గురించి. నెలలు తినేసేది మాత్రం రెండోది. ఇక్కడ రాస్తున్నదంతా ఇంగ్లండ్‌కే వర్తిస్తుంది. స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్ పద్ధతులు వేరు.

అసలు ఈ కోర్సు మీకు కావాలా?

వారానికోసారి స్కూలుకు వచ్చి వయొలిన్, గిటార్, గాత్రం ఒక్కొక్కరికో చిన్న గుంపుకో నేర్పి వెళ్లే టీచర్లను ఇక్కడ పెరిపటెటిక్ టీచర్లు అంటారు. వాళ్లకు క్యూటీఎస్, అంటే క్వాలిఫైడ్ టీచర్ స్టేటస్, తప్పనిసరి కాదు. అలాంటి పనే చాలనుకుంటే మీ ప్రాంతపు మ్యూజిక్ హబ్‌ను, అంటే అక్కడి పిల్లల సంగీత చదువును సమన్వయం చేసే సంస్థను, అడగండి. 2024 సెప్టెంబరు నుంచి దేశంలో 43 హబ్‌లు పనిచేస్తున్నాయి. మొత్తం తరగతికి మ్యూజిక్ సబ్జెక్టు చెప్పే ఉద్యోగాలకే క్యూటీఎస్ అడుగుతారు. అకాడమీ స్కూళ్లు (ప్రభుత్వ నిధులతో, స్థానిక కౌన్సిల్ అజమాయిషీ లేకుండా నడిచేవి) అది లేనివాళ్లను తీసుకున్న సందర్భాలున్నాయి గానీ, దాన్ని నమ్ముకుని ప్లాన్ వేసుకోవద్దని నా సలహా.

దరఖాస్తు

ప్రభుత్వ వెబ్‌సైట్ గవ్.యూకేలో విద్యాశాఖ నడిపే రెండు సేవలున్నాయి. కోర్సులు వెతకడానికి ఒకటి, అప్లై చేయడానికి ఇంకొకటి. సెప్టెంబరులో మొదలయ్యే కోర్సులకు ముందు ఏడాది అక్టోబరులోనే తలుపులు తెరుస్తారు. ఫీజేమీ లేదు. ఒకేసారి నాలుగు కోర్సుల వరకు పెట్టుకోవచ్చు. ఒక ఆఫర్ ఒప్పుకున్నాకే మీ రిఫరెన్సులు అడుగుతారు. కనీసం ఇద్దరివి కావాలి, అందుకే వాళ్లకు ముందే ఒక మాట చెప్పి ఉంచండి. చదువు పూర్తయి చాలా ఏళ్లయితే కాలేజీ లెక్చరర్లనే పట్టుకోనక్కర్లేదు, పనిచేసిన చోటివాళ్లు చాలు.

చదువు విషయానికి వస్తే డిగ్రీ ఉండాలి. దాంతోపాటు ఇంగ్లిష్‌లో, లెక్కల్లో జీసీఎస్ఈ (ఇక్కడ పదహారేళ్ల వయసులో రాసే పరీక్ష) గ్రేడ్ 4కు సమానమైన మార్కులు చూపించాలి. మన పదో తరగతి, ఇంటర్ మెమోలు ఇక్కడి దేనితో సమానమో తేల్చి చెప్పే సంస్థ యూకే ఎనిక్. అది ఇచ్చే పత్రం అడుగుతారు. కొన్ని యూనివర్సిటీలు దానికి బదులు తమ సొంత పరీక్ష రాయమంటాయి. హైదరాబాద్, విజయవాడ, విజయనగరం ప్రభుత్వ సంగీత కళాశాలల సర్టిఫికెట్, డిప్లొమాలు డిగ్రీకి బదులు పనికిరావు. అయినా తప్పకుండా రాయండి. బీకామ్ చదివిన మనిషికి సంగీతం ఎలా వచ్చు అన్న ప్రశ్నకు జవాబు అవే.

పర్సనల్ స్టేట్‌మెంట్‌లో మన వాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. గురువుగారి పరంపర, చేసిన కచేరీలు, వచ్చిన బహుమతులు వరసగా రాసేస్తారు. చదివేవాళ్లకు కావలసింది అది కాదు. ముప్పైమంది పదకొండేళ్ల పిల్లలున్న గదిలో మీరేం చేస్తారన్నది వాళ్ల ప్రశ్న. అందుకే అప్లై చేసేముందే రెండు మూడు రోజులు ఏదైనా స్కూల్లో కూర్చుని చూడండి. దానికి కూడా విద్యాశాఖదే ‘గెట్ స్కూల్ ఎక్స్‌పీరియన్స్’ అనే సేవ ఉంది. స్టాఫ్ నొటేషన్, అంటే ఐదు గీతల మీద స్వరాలు రాసే పాశ్చాత్య పద్ధతి, రాకపోతే ఇప్పటి నుంచే మొదలుపెట్టండి. 11 నుంచి 14 ఏళ్ల పిల్లల జాతీయ పాఠ్యప్రణాళికలోనే అది ఉంది, తప్పించుకోలేం. కీబోర్డు మీద పిల్లల పాటకు తోడుగా నాలుగు కార్డ్‌లు (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించేవి) వాయించడం వస్తే ఇంటర్వ్యూలో ఊపిరి పీల్చుకోవచ్చు.

కాగితాలు

పిల్లల దగ్గర పనిచేయాలంటే ఎన్‌హాన్స్‌డ్ డీబీఎస్ తనిఖీ, పిల్లలతో పనిచేయకుండా నిషేధించిన వాళ్ల జాబితాతో సరిచూడటం, రెండూ తప్పవు. డీబీఎస్ అంటే నేరచరిత్ర ఉందేమో చూసే ప్రభుత్వ విభాగం. ఫీజు కట్టి చదివేవాళ్లకు కోర్సు నడిపే సంస్థే ఈ తనిఖీ పెడుతుంది, మీకు లింకు పంపుతుంది. గత ఐదేళ్లలో ఉన్న ప్రతి చిరునామా తేదీలతో రాయాలి, మధ్యలో ఒక్క నెల కూడా ఖాళీ ఉండకూడదు. రెండు నెలలు అమ్మగారింట్లో ఉండి వస్తే ఆ ఇంటి చిరునామా కూడా రాయాల్సిందే.

నాకు అసలు చిక్కు పేరు దగ్గర వచ్చింది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, డిగ్రీలో ఇనీషియల్, పాస్‌పోర్టులో ఇంటిపేరు సర్‌నేమ్ గడిలో, పెళ్లయ్యాక ఇక్కడి బ్యాంకులో మావారి ఇంటిపేరు. నాకివన్నీ ఒకటే పేరు. ఇక్కడి ఆఫీసుకు నలుగురు మనుషులు! ఫారంలో ‘గతంలో వాడిన పేర్లు’ అన్న గడి ఖాళీగా వదిలేశాను. నా ఫైలు వెనక్కి వచ్చి, మళ్లీ మొదటి నుంచి నడిచింది. మీరు అన్ని రూపాలూ అక్కడ రాసేయండి. పాస్‌పోర్టు, పెళ్లి సర్టిఫికెట్, మెమోలు ఒకే ఫోల్డర్‌లో పెట్టుకోండి.

ఇండియాలో ఉండి వచ్చినవాళ్లను అక్కడి పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ కూడా అడుగుతారు, ఎందుకంటే డీబీఎస్‌కు బయటి దేశాల రికార్డులు మామూలుగా అందవు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు పాస్‌పోర్ట్ సేవా పోర్టల్‌లో అప్లై చేసి, హైకమిషన్ తరఫున దరఖాస్తులు తీసుకునే వీఎఫ్ఎస్ కేంద్రంలో ఇవ్వాలి. విచారణ మన ఊరి స్టేషన్ దాకా వెళ్లొచ్చు. ఆఫర్ ఒప్పుకున్న వారంలోనే ఇది మొదలుపెట్టండి. ఆరోగ్య ప్రశ్నావళి కూడా ఉంటుంది, దాని గురించి భయపడాల్సిందేమీ లేదు.

ప్లేస్‌మెంట్‌లో ఏం జరుగుతుంది

కనీసం రెండు స్కూళ్లు, కనీసం 120 రోజులు. మొదట వెనక కూర్చుని చూస్తారు, తర్వాత పాఠంలో పది నిమిషాలు మీ చేతికి ఇస్తారు, ఆ తర్వాత తరగతి మొత్తం మీదే. ప్రతి వారం మెంటర్, అంటే ఆ స్కూల్లో మీకు దారి చూపే టీచర్, మీతో కనీసం గంటన్నర గడపాలన్నది నిబంధన. వాళ్లు తీరిక లేదంటే మొహమాటపడకుండా అడగండి. చివర్లో టీచర్స్ స్టాండర్డ్స్ అనే ఎనిమిది ప్రభుత్వ ప్రమాణాలతో మీ పని సరిచూస్తారు.

మెంటర్ చూస్తుండగా నేను చెప్పిన మొదటి పాఠం ఇయర్ 7 పిల్లలకు, అంటే పదకొండు, పన్నెండేళ్ల వాళ్లకు. ఆది తాళం ఎంచుకున్నాను, చేతులు చాలు, వాయిద్యం అక్కర్లేదని. ఒక దెబ్బ, మూడు వేళ్లు, దెబ్బ విసురు, దెబ్బ విసురు. ఎనిమిది అక్షరాలు. ముందు వరుస పిల్లలు రెండో ఆవర్తనానికే పట్టేశారు. నాకు భలే సంతోషం వేసి ద్వితీయ కాలంలోకి, అంటే రెట్టింపు వేగంలోకి వెళ్లిపోయాను. బెల్లు కొట్టాక మెంటర్ ఇచ్చిన కాగితంలో తాళం గురించి ఒక్క ముక్క లేదు. ‘ముందున్న నలుగురికి చాలా బాగా చెప్పారు. మిగతా ఇరవై ఆరుగురు ఏం చేస్తున్నారో చూశారా?’ అని ఉంది. శనివారం హాల్లో నలుగురే కదా ఉండేది! మర్నాటి నుంచి గది వెనక నిలబడి తాళం వేయించడం మొదలుపెట్టాను.

మన సంగీతానికి చోటు లేదనుకోకండి. జీసీఎస్ఈ మ్యూజిక్‌లో ప్రదర్శనకు 30 శాతం, స్వరరచనకు 30 శాతం, విని విశ్లేషించడానికి 40 శాతం మార్కులు. ఓసీఆర్ అనే పరీక్షల బోర్డు సిలబస్‌లో ‘ప్రపంచ లయలు’ అన్న భాగంలో భారతీయ శాస్త్రీయ సంగీతం, భాంగ్రా ఉన్నాయి. అక్కడ ఎక్కువగా వినిపించేది హిందుస్తానీ పద్ధతే కాబట్టి తీన్‌తాళ్, అలాప్ వంటి మాటలు ముందే తెలుసుకుని వెళ్లండి.

ఇండియా నుంచి నేరుగా వచ్చి చదవాలనుకునేవాళ్ల లెక్క వేరు. స్టూడెంట్ వీసా, విదేశీ విద్యార్థుల ఫీజు రెండూ చూసుకోవాలి. బర్సరీ, అంటే శిక్షణ కాలంలో ప్రభుత్వం ఇచ్చే ఆర్థిక సాయం, మీకు వర్తిస్తుందో లేదో ఆ ఏడాది నిబంధనల్లో చదవండి, సీనియర్ల మాట మీద నమ్మకం పెట్టుకోవద్దు. క్యూటీఎస్ వచ్చాక కూడా రెండేళ్ల ఇండక్షన్, అంటే కొత్త టీచర్‌ను పరిశీలిస్తూ తోడ్పడే కాలం, ఉంటుంది.

స్కూలు పేరు తెలిశాక, మొదటి రోజు కంటే ముందే ఒకసారి వెళ్లి రండి. బస్సు టైములు, లెసన్ ప్లాన్ నమూనాతోపాటు ఇంకోటి అడగండి: వాయిద్యం లోపల పెట్టి తలుపుకు తాళం వేసుకోగలిగిన ప్రాక్టీస్ గది ఉందా అని. నేను అడగలేదు. మొదటి రెండు వారాలు వీణను పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు ఎక్కించి దించాను.