డేటింగ్ యాప్‌లో పేరు కన్నా ముందు దాచుకోవాల్సినవి

డేటింగ్ యాప్‌లో చేరేటప్పుడు చాలామంది ఇంటిపేరు రాయకుండా వదిలేసి, అంతటితో జాగ్రత్త అయిపోయిందనుకుంటారు. మనల్ని పట్టిచ్చేవి వేరే ఉన్నాయి: ఫొటో, దూరం, ఫోన్ నంబరు. మూడూ కలిస్తే మాదాపూర్‌లో ఏ ఆఫీసులో చేస్తారో, ఏ హాస్టల్లో ఉంటారో తేలిపోతుంది.

ముందు ఫొటోలు. ఇన్‌స్టాగ్రామ్‌లోనో లింక్డ్‌ఇన్‌లోనో ఉన్నది మళ్లీ వాడొద్దు. ఫొటోతోనే వెతికే గూగుల్ లెన్స్‌లో పెడితే అసలు అకౌంట్ దొరికిపోవచ్చు. యాప్ కోసమే కొత్తగా మూడు నాలుగు తీసుకోండి. మెడలో ఐడీ కార్డు ట్యాగు, బండి నంబరు ప్లేటు, అపార్ట్‌మెంట్ గేటు మీది పేరు ఫొటోలో పడకుండా చూసుకోండి. ట్యాగు చూసి కంపెనీ పేరు చెప్పేవాళ్లు గచ్చిబౌలిలో బోలెడుమంది. గ్రూపు ఫొటో అసలే వద్దు, పక్కనున్నవాళ్లు ఒప్పుకోలేదు కదా.

ఇక దూరం. '2 కిలోమీటర్లు' అని కనిపిస్తే నష్టమేమీ లేదనిపిస్తుంది. కానీ మూడు చోట్ల నుంచి మీ దూరం తెలిసినవాళ్లు మ్యాప్ మీద మూడు వలయాలు గీసి, అవి కలిసే చోటు పట్టేయగలరు. ఇలాంటి లోపాన్నే భద్రతా పరిశోధకులు టిండర్‌లో ఉందని 2014లో, బంబుల్‌లో ఉందని 2021లో బయటపెట్టారు. రెండు సంస్థలూ సరిచేశాయి. అయినా ఫోన్ సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కు ప్రిసైజ్ లొకేషన్ (మీరున్న కచ్చితమైన చోటు) ఆపేసి, 'వాడుతున్నప్పుడు మాత్రమే' అని పెట్టండి.

బంధువుల కంట పడకూడదంటే టిండర్, హింజ్‌లలో నంబర్లు బ్లాక్ చేసే వీలుంది. కాంటాక్ట్స్ మొత్తం యాప్ చేతికివ్వకుండా, కావాల్సిన నంబర్లు మాత్రం ఒక్కొక్కటే చేర్చండి. మీ బావ వేరే నంబరుతో చేరి ఉంటే మాత్రం ఇది పనిచేయదు.

అన్నిటికన్నా తొందరపడి ఇచ్చేసేది ఫోన్ నంబరు. దానికి యూపీఐలో డబ్బు పంపబోతే చాలు, బ్యాంకులో ఉన్న పూర్తి పేరు కనిపిస్తుంది. మన దగ్గర పూర్తి పేరంటే ఇంటిపేరు, చాలాసార్లు కులం కూడా. పెళ్లి సంబంధాల సైట్లలో ఇవన్నీ ముందే అడుగుతారు. ఇక్కడ ఎప్పుడు చెప్పాలన్నది మీ ఇష్టం. నంబరుతో పాటే ఆ ఇష్టమూ చేజారిపోతుంది. అందుకే కలిసేదాకా మాటలు యాప్‌లోనే సాగనివ్వండి. తప్పదనుకుంటే బ్యాంకుకు లింకు చేయని రెండో సిమ్ వాడండి.

మొదటిసారి కలిసే చోటు మీకు తెలిసినదై ఉండాలి, మెట్రో స్టేషన్ దగ్గరైతే మంచిది. అవతలివాళ్లు ఫలానా పబ్బుకే రావాలని పట్టుబడితే వద్దనండి. అమ్మాయిలతో పిలిపించి వేలల్లో బిల్లు వేయించే ముఠాను 2024లో సైబరాబాద్ పోలీసులు పట్టుకున్నారు. వాట్సాప్ లైవ్ లొకేషన్ 8 గంటలకు పెట్టి నమ్మకస్తులకు పంపండి.

పరిచయమైన కాసేపటికే వాట్సాప్ వీడియో కాల్‌లో బట్టలు తీయమంటే అది రికార్డు చేసి బెదిరించడానికే. డబ్బు కట్టొద్దు, ఒకసారి కడితే మళ్లీ అడుగుతారు. భయంతో వెంటనే అన్‌మ్యాచ్ చేయకండి (యాప్‌లో పరిచయం తెంచుకోకండి), చాట్ మొత్తం పోతుంది. ముందు ప్రొఫైల్, చాట్, నంబరు, యూపీఐ ఐడీ స్క్రీన్‌షాట్లు తీసి, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆడవాళ్లు తెలంగాణ పోలీసుల షీ టీమ్స్‌ను కూడా ఆశ్రయించవచ్చు. అలాంటి నగ్న ఫొటో నెట్‌లో పాకకుండా 'స్టాప్ ఎన్‌సీఐఐ' సైట్ సాయపడుతుంది. ఫొటో మీ ఫోన్ దాటదు, దాని డిజిటల్ గుర్తు మాత్రమే వెళ్తుంది. ఆ సేవలో చేరిన సంస్థలు ఆ గుర్తుతో ఫొటోను పట్టుకుని తీసేస్తాయి.

గే యాప్‌లలో పరిచయమై 'ఇంట్లో చెప్తా, కేసు పెట్టిస్తా' అని డబ్బు గుంజేవాళ్లకు అసలు లొంగొద్దు. మేజర్లైన స్వలింగ జంటలు ఇష్టపూర్వకంగా కలవడం నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తేల్చింది. బెదిరించి వసూలు చేయడమే నేరం.

సంబంధం కుదిరాక యాప్‌ను ఫోన్‌లోంచి తీసేస్తే ప్రొఫైల్ పోదు, ఇంకా కొందరికి కనిపిస్తూనే ఉండొచ్చు. ముందు యాప్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి అకౌంట్ డిలీట్ చేయండి. డబ్బు కట్టి ఉంటే ప్లే స్టోర్‌లో సబ్‌స్క్రిప్షన్‌ను విడిగా రద్దు చేయాలి, లేకపోతే నెలనెలా కోత పడుతూనే ఉంటుంది.