కొలను నీళ్ల వేడిని బట్టి ఈత సాధన ఎలా మార్చుకోవాలి?

మే నెలలో ఒక సాయంత్రం, రోజంతా ఎండకు కాగిన కొలనులో దిగి ఎప్పటిలాగే నలభై రౌండ్లు మొదలుపెట్టాను. పద్దెనిమిదో రౌండుకు మొహం మండింది, తల దిమ్మెక్కింది, గోడ పట్టుకుని నిలబడిపోయాను. రెండు వారాలు అదే వరస. నిద్ర చాలడం లేదనుకున్నాను, వయసు మీద పడుతోందనుకున్నాను, ఏవేవో మాత్రలు కూడా కొన్నాను. చివరికి ఒక థర్మామీటర్ కొని నీళ్లలో దించితే 32 డిగ్రీలు చూపించింది. తప్పు నా ఒంటిది కాదు. ఆ నీళ్లలో ఆ సాధన చేయబోవడమే తప్పు.

తెలుగు నగరాల్లో మనం ఈదే కొలనుల్లో చాలావరకు పైకప్పు లేనివి. నీళ్లను వేడిచేసే ఏర్పాటు, చల్లబరిచే ఏర్పాటు అరుదుగా కనిపిస్తాయి. అందుకే ఒకే కొలను జనవరి తెల్లవారుజామున ఒక రకంగా, మే సాయంత్రం మరో రకంగా ఉంటుంది. సంవత్సరమంతా ఒకే పట్టిక పట్టుకుని ఈదితే వేసవిలో ఒళ్లు పాడవుతుంది, చలికాలంలో మనసు విరిగిపోతుంది.

1. ముందు నీళ్లను కొలవండి

దారం కట్టి వదిలే కొలను థర్మామీటర్ ఒకటి సంపాదించండి. పైపైన తేలనివ్వకండి, ఎండకు పై పొర నీళ్లు వేడిగా ఉంటాయి. మోచేతి లోతుకు దించి, మూడు నిమిషాలు ఉంచి, గాజు నీళ్లలో ఉండగానే అంకె చదవండి. బయటకు తీస్తే తడి ఆరుతున్న కొద్దీ అంకె పడిపోతుంది. శుద్ధి చేసిన నీళ్లు మళ్లీ కొలనులోకి వచ్చే రంధ్రాల దగ్గర కొలిచినా లెక్క తప్పుతుంది.

చేయి పెట్టి చూసి అంచనా వేయకండి. మన చర్మానికి తేడా తెలుస్తుంది గానీ అంకె తెలియదు. నలభై డిగ్రీల ఎండలో నడిచి వచ్చిన చేతికి 31 డిగ్రీల నీళ్లు చల్లగానే తగులుతాయి. చాలామంది మోసపోయేది ఇక్కడే.

ఇంకో సంగతి. పెద్ద కొలను నెమ్మదిగా కాగుతుంది, నెమ్మదిగా చల్లారుతుంది. రాత్రి గాలి హాయిగా ఉన్నంత మాత్రాన నీళ్లూ చల్లారాయని అర్థం కాదు. సూర్యోదయానికి ముందు నీళ్లు అన్నిటికంటే చల్లగా, సాయంత్రం వేళ అన్నిటికంటే వేడిగా ఉంటాయి. వేసవిలో కష్టమైన సాధన ఏదైనా ఉంటే తెల్లవారుజామునే పెట్టుకోండి.

2. ఆ అంకెకు అర్థం తెలుసుకోండి

అంతర్జాతీయ ఈత సమాఖ్య వరల్డ్ అక్వాటిక్స్ నియమాల ప్రకారం పోటీ కొలనులో నీళ్లు 25 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలి. కదలకుండా కూర్చున్న మనిషికి మాత్రం 33 నుంచి 35 డిగ్రీల నీళ్లు సుఖం. ఫిజియోథెరపీ కొలనులు ఆ వేడిలో ఉండేది అందుకే. ఈ రెండింటి మధ్య తేడాలోనే అసలు విషయమంతా ఉంది.

ఈదుతున్నప్పుడు మనం ఖర్చు చేసే శక్తిలో ముందుకు కదలడానికి పనికొచ్చేది కొద్ది భాగమే. మిగిలినదంతా వేడిగా మారుతుంది. ఆ వేడి బయటకు పోవాలి. నేల మీద పరుగెత్తే మనిషికి చెమట ఆరి ఒళ్లు చల్లబడుతుంది. నీళ్లలో చెమట పడుతుంది గానీ ఆరదు, కొలనులో కలిసిపోతుంది. కాబట్టి ఈదేవాడిని చల్లబరిచేది చుట్టూ ఉన్న నీళ్లే. గాలి కంటే నీళ్లు సుమారు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తాయి. 27 డిగ్రీల నీళ్లు ఆ పని చక్కగా చేస్తాయి. 32 డిగ్రీల నీళ్లు చేయలేవు. అప్పుడు చేతులు, కాళ్ల కండరాలకు పంపాల్సిన రక్తంలో కొంత గుండె చర్మానికి మళ్లిస్తుంది. చేతులు బరువెక్కుతాయి, నాడి పెరుగుతుంది.

మరీ చల్లగా ఉంటే జరిగేది వేరు. భుజాలు, ముంజేతుల కండరాలు చల్లబడి మెల్లగా ముడుచుకుంటాయి, నరాల్లో సంకేతాలు నెమ్మదిస్తాయి. వేసే బార బారకూ నీళ్ల మీద పట్టు సడలుతుంది.

వేడి నీళ్లు పలుచన కాబట్టి వేగం పెరుగుతుందని వాదించేవారు ఉన్నారు. 20 నుంచి 30 డిగ్రీలకు నీటి చిక్కదనం ఐదో వంతు తగ్గే మాట నిజమే. కానీ ఈతలో మనల్ని ఆపేది ఎక్కువగా మన దేహం నీళ్లను తోసుకుంటూ పోవడం, అలలు లేపడం. చిక్కదనం వల్ల వచ్చే లాభం అతి స్వల్పం, ఒళ్లు వేడెక్కడం వల్ల వచ్చే నష్టం దాన్ని మింగేస్తుంది.

3. నీళ్లు 26–28 మధ్య ఉంటే

ఇది వరం. వేగంగా ఈదే రౌండ్లు, టైం చూసుకునే పరీక్షలు, దూరపు ఈత అన్నీ ఈ రోజుల్లోనే పెట్టుకోండి.

4. నీళ్లు 29 దాటితే

ముందుగా గడియారాన్ని పక్కన పెట్టండి. వేడి నీళ్లలో పాత టైం అందుకోవాలని పంతం పట్టడం వల్లే ప్రమాదం. పదికి ఎంత కష్టం అనిపిస్తోందో మీరే మార్కులు వేసుకుని, ఆరేడు దాటకుండా ఈదండి.

ఒకేసారి 1,000 మీటర్లు ఈదే బదులు 50 మీటర్ల ముక్కలు చేయండి. ప్రతి ముక్క తర్వాత మామూలుగా 15 సెకన్లు ఆగేవారు 30 నుంచి 40 సెకన్లు ఆగండి. ఆగినప్పుడు మెడ దాకా నీళ్లలో మునిగి ఉండకండి. గట్టు మీద కూర్చుని నడుము పైభాగానికి గాలి తగలనివ్వండి. తడి ఒంటికి గాలి తగిలితే నీళ్లు ఇవ్వలేని చల్లదనం అది ఇస్తుంది. మొత్తం దూరాన్ని పావు వంతు తగ్గించినా నష్టం లేదు. బార తీరు, శ్వాస, టర్న్ దిద్దుకోవడానికి ఇవి మంచి రోజులు.

సిలికాన్ క్యాప్ తలలోని వేడిని పట్టి ఉంచుతుంది. బట్ట క్యాప్ వాడండి. దిగే ముందు రెండు నిమిషాలు చల్లని షవర్ కింద నిలబడండి.

నీళ్ల సీసా గట్టు మీద, మీ లేన్ చివరే పెట్టుకోండి. దూరంగా ఉంటే తాగబుద్ధి కాదు. పావుగంటకు ఒకసారి నాలుగైదు గుక్కలు చాలు. ఈతలో చెమట పట్టదని నమ్మేవారికి నేను చెప్పే చిన్న పరీక్ష ఒకటుంది. దిగే ముందు బరువు చూసుకోండి. ఈత అయ్యాక ఒళ్లు, జుట్టు బాగా తుడుచుకుని, పొడి బట్టలతో మళ్లీ చూసుకోండి. అరకిలో తగ్గితే దాదాపు అర లీటరు నీళ్లు పోయినట్టే. తాగినవి కూడా కలిపి లెక్క వేస్తే ఇంకా ఎక్కువ. నా మొదటి లెక్క చూసి నేనే నమ్మలేదు.

తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం, నీళ్లలో ఉండి కూడా వణుకు అనిపించడం, వీటిలో ఏది కనిపించినా ఆ రౌండు పూర్తి చేయాలని చూడకండి. పక్క గోడ పట్టుకుని బయటకు వచ్చి నీడలో కూర్చోండి, పక్కవారికి చెప్పండి.

ఇది భయపెట్టడానికి చెబుతున్న మాట కాదు. 2010 అక్టోబరులో యూఏఈలోని ఫుజైరాలో, దాదాపు 30 డిగ్రీల సముద్రపు నీళ్లలో జరిగిన 10 కిలోమీటర్ల ప్రపంచకప్ పోటీలో అమెరికా ఈతగాడు ఫ్రాన్ క్రిప్పెన్ ప్రాణాలు కోల్పోయాడు. అతనికి 26 ఏళ్లు, జాతీయ జట్టు సభ్యుడు. ఆ తర్వాతే సముద్రాలు, సరస్సుల్లో జరిగే పోటీలకు 31 డిగ్రీల గరిష్ఠ పరిమితి వచ్చింది. అంత సాధన ఉన్నవారికే ఆ హద్దు గీశారంటే, 31 దాటిన కొలనులో మనం గంటసేపు గట్టిగా ఈదాల్సిన అవసరం ఏముంది? ఆ రోజు ఇరవై నిమిషాలు తీరిగ్గా ఈది బయటకు రండి.

5. నీళ్లు 24 కంటే దిగితే

చలి సాధన గట్టు మీదే మొదలవుతుంది. పది నిమిషాలు చేతులు తిప్పండి, తాడాట ఆడండి, భుజాలు వెచ్చబడాలి. తర్వాత మెడ వెనక, మొహం మీద, ఛాతీ మీద నీళ్లు చల్లుకుని మెల్లగా దిగండి. దూకకండి. 20 డిగ్రీల లోపు నీళ్లలో హఠాత్తుగా మునిగితే ఊపిరి ఒక్కసారిగా ఎగబీలుతుంది, ఆ క్షణంలో నోట్లోకి నీళ్లు పోతే ఉక్కిరిబిక్కిరే. మొదటి రెండు మూడు నిమిషాలు గోడ పక్కనే ఉండి, శ్వాస కుదుటపడ్డాక ఈత మొదలుపెట్టండి. రక్తపోటు, గుండె జబ్బు ఉన్నవారు వైద్యుడిని అడగకుండా ఇలాంటి నీళ్లలో దిగకూడదు.

ఇక్కడ పద్ధతి వేసవికి తలకిందులు. విరామాలు చిన్నవి, ఈత ఆగకుండా సాగేది. గోడ దగ్గర నిలబడి కబుర్లు చెబితే అప్పటిదాకా కూడబెట్టిన వేడి నిమిషంలో పోతుంది. సిలికాన్ క్యాప్ ఇప్పుడు మేలు చేస్తుంది, ఒకదాని మీద ఒకటి రెండు పెట్టుకున్నా సరే. సన్నగా ఉన్నవారికి, పిల్లలకు చలి తొందరగా ఎక్కుతుంది.

ఎప్పుడు ఆపాలో మీ చిటికెన వేలు చెబుతుంది. బార వేసేటప్పుడు వేళ్లు దగ్గరగా ఉండాలి. ఒళ్లు చల్లబడ్డ కొద్దీ చిటికెన వేలు పక్కకు జారిపోతుంది, ఎంత ప్రయత్నించినా ఉంగరపు వేలిని తాకదు. అది కనిపించగానే బయటకు రండి. మాట ముద్దగా వచ్చేదాకా ఆగితే ఆలస్యమైనట్టే.

బయటకు వచ్చాక కూడా కొన్ని నిమిషాల పాటు లోపలి వేడి తగ్గుతూనే ఉంటుంది. అందుకే ముందు తుడుచుకుని, పొడి బట్టలు వేసుకుని, వేడి పాలో అల్లం టీనో తాగండి. మరుగుతున్నంత వేడి నీళ్ల స్నానానికి పరుగెత్తకండి, కళ్లు తిరిగి పడే ప్రమాదం ఉంది. చల్లని నీళ్లలో ఈదాక ఆకలి విపరీతంగా వేస్తుంది. బరువు తగ్గాలని ఈదుతున్నవారు ఇది ముందే గుర్తుపెట్టుకుని ఇంట్లో ఏదైనా సిద్ధంగా ఉంచుకోవడం మంచిది.

6. మీ సొంత పట్టిక తయారు చేసుకోండి

వారానికి ఒకరోజు ఒకే పరీక్ష పెట్టుకోండి. నేను చేసేది 50 మీటర్లు ఎనిమిది సార్లు, మధ్యలో 20 సెకన్ల విశ్రాంతి. నీళ్ల ఉష్ణోగ్రత, సగటు టైం, ఒక రౌండుకు ఎన్ని బారలు, పదికి ఎంత కష్టం, చివరి రౌండు తర్వాత నాడి రాసుకోండి. మెడ పక్కన పది సెకన్లు నాడి లెక్కించి ఆరుతో గుణిస్తే సరిపోతుంది. అంతే కష్టానికి చల్లని నీళ్లలో నాడి తక్కువగా, వేడి నీళ్లలో ఎక్కువగా ఉంటుంది. కాబట్టి జనవరి నాడిని మే నాడితో పోల్చకండి. రెండు మూడు నెలల్లో ఏ డిగ్రీ దగ్గర మీ బారల లెక్క పెరుగుతోందో కాగితం మీదే కనిపిస్తుంది. నాకు 30 దగ్గర 25 మీటర్లకు రెండు బారలు పెరిగాయి. మీకు ఎక్కడ మారుతుందో మీ పుస్తకమే చెప్పాలి.

7. కొలను నడిపేవారితో మాట్లాడండి

కొలను వేడి తగ్గించడానికి చవకైన దారులు ఉన్నాయి. పైన షేడ్ నెట్ కట్టవచ్చు. రాత్రిపూట నీళ్లను ఫౌంటెన్‌లా గాలిలోకి చిమ్మితే కొంత ఆవిరవుతూ మిగిలినవి చల్లబడతాయి. చలికాలంలో దీనికి ఎదురు పని చేయాలి. రాత్రి పరదా కప్పితే ఆవిరి ఆగి వేడి నిలుస్తుంది, ఎందుకంటే కొలను పోగొట్టుకునే వేడిలో పెద్ద భాగం ఆవిరి రూపంలోనే పోతుంది. వేడి నీళ్లలో, ఎండలో క్లోరిన్ త్వరగా ఖర్చవుతుంది కాబట్టి వేసవిలో దాన్ని రోజుకు ఒకసారి కాదు, కనీసం రెండుసార్లు చూడమని అడగండి. చాలా కొలనుల్లో గోడ మీద క్లోరిన్, పీహెచ్ రాసే బోర్డు ఒకటి ఉంటుంది. వాటి పక్కన ఇంకో గడి గీయించి, పొద్దున్నా సాయంత్రమూ నీళ్ల ఉష్ణోగ్రత రాయమనండి.