నిద్ర మాత్రల అలవాటు నుంచి బయటపడాలంటే: ఉన్నపళంగా మానకండి

ఏదో ఒక కష్టకాలంలో వైద్యుడు పది రోజులకు రాసిచ్చిన అల్ప్రజోలం మాత్రను, ఆ పాత చీటీనే చూపించి మందుల షాపులో మళ్లీ మళ్లీ తెచ్చుకుంటూ ఏళ్ల తరబడి వేసుకుంటున్నవారు మన ఇళ్లలోనే ఉన్నారు. సాధారణంగా ఈ మాత్రలను రెండు నుంచి నాలుగు వారాలకు మించి వాడకూడదు. మెదడును శాంతపరిచే 'గాబా' అనే రసాయనం ప్రభావాన్ని పెంచి ఇవి మగత కలిగిస్తాయి. కొన్ని వారాల్లోనే మెదడు దానికి అలవాటు పడటంతో పాత మోతాదు చాలక, అర మాత్ర ఒకటిగా, ఒకటి రెండుగా పెరుగుతూ పోతుంది.

ఈ సంగతి గ్రహించిన రోజునే మాత్రలన్నీ పారేయాలనిపించడం సహజమే కానీ, అదే అన్నిటికన్నా పెద్ద ప్రమాదం. చాలాకాలంగా వాడుతున్న మందును ఒక్కసారిగా ఆపితే వణుకు, చెమటలు, తీవ్రమైన ఆందోళన, మతిభ్రమ మొదలై, ప్రాణాంతకమైన మూర్ఛలు కూడా రావచ్చు. తెలంగాణలో అల్ప్రజోలం కలిపిన కల్తీ కల్లుకు అలవాటు పడినవారు, 2015లో అధికారుల దాడులతో ఆ కల్లు దొరక్కపోయేసరికి, ఇవే లక్షణాలతో ఆసుపత్రుల పాలయ్యారు. కల్లులో కలిసినా, షాపులో కొన్నా మందు ఒక్కటే.

కాబట్టి ముందుగా ఒక వారం పాటు ఏ మాత్ర, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ వేళ వేసుకుంటున్నారో, మద్యంతో సహా ఇంకేమేమి తీసుకుంటున్నారో దాచకుండా రాసుకుని, ఆ కాగితంతో మానసిక వైద్యుణ్ణి కలవండి. సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలకోసారి మోతాదులో 5 నుంచి 10 శాతం మాత్రమే తగ్గిస్తారు. ఇబ్బంది ఎక్కువైతే తగ్గించడాన్ని కొన్నాళ్లు నిలిపి, మళ్లీ మొదలుపెడతారు. నెలలు పట్టినా తొందరపడకండి. రోజు విడిచి రోజు వేసుకునే సొంత పద్ధతి అసలు వద్దు. అల్ప్రజోలం రక్తంలో సుమారు 11 గంటలకే సగానికి తగ్గిపోతుంది గనుక, మధ్యలో వదిలేసిన రోజు శరీరానికి ఒక్కసారిగా మానేసినట్టే అవుతుంది.

ఈలోగా మద్యాన్ని, ట్రమడాల్ వంటి నొప్పి మాత్రలను, కోడీన్ ఉన్న దగ్గు మందులను వీటితో కలపకూడదు, ఎందుకంటే రెండూ కలిసి శ్వాసను మందగింపజేస్తాయి. నిద్రలో గురక పెడుతూ ఊపిరి ఆగినట్లయ్యేవారు ఆ విషయం వైద్యుడికి తప్పక చెప్పాలి. పెద్దవారిలో తూలి పడటం, తుంటి ఎముక విరగడం, మతిమరుపు కనిపిస్తే, వయసు మీద పడిందని సరిపెట్టుకోకుండా వారి మాత్రల డబ్బాను ఒకసారి చూడండి. జోల్పిడెమ్ అనే మరో నిద్ర మాత్ర వేసుకున్న కొందరు నిద్రలోనే లేచి నడవడం, వాహనం నడపడం, తెల్లవారాక ఏదీ గుర్తులేకపోవడం వంటివి జరిగినందున, అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2019లో ఆ మందుపై అత్యంత తీవ్రమైన హెచ్చరికను తప్పనిసరి చేసింది.

మన దేశంలో అల్ప్రజోలం, జోల్పిడెమ్ రెండూ వైద్యుడి చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుల జాబితా అయిన హెచ్1 షెడ్యూల్‌లో ఉన్నాయి. వైద్యుడి, రోగి పేర్లను షాపువారు రిజిస్టరులో రాసి మూడేళ్లు భద్రపరచాలి. చీటీ లేకుండా ఇచ్చేవారు మీకు మేలు చేస్తున్నారని అనుకోవద్దు.

మాత్ర తగ్గుతున్న కొద్దీ నిద్రను మళ్లీ అలవాటు చేసుకోవాలి. రాత్రి ఎలా గడిచినా ఉదయం ఒకే వేళకు లేవండి. ఇరవై నిమిషాలైనా నిద్ర పట్టకపోతే మంచం దిగి, మసక వెలుతురులో కూర్చుని, కునుకు వచ్చాకే తిరిగి పడుకోండి. దిగులు మరీ కుంగదీస్తుంటే, బతకాలనిపించకపోతే, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఏ వేళైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఎవరైనా ఎంత లేపినా లేవకపోయినా, ఊపిరి నెమ్మదించినా, మూర్ఛ వచ్చినా 108కి ఫోన్ చేసి, వారిని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, నోట్లో ఏమీ పోయకుండా, మాత్రల అట్టను వెంట తీసుకుని ఆసుపత్రికి వెళ్లండి.