పికప్ బండి పద్దు – మూడో పాఠం: ట్యాంకు నుంచి ట్యాంకుకి

పోయిన పాఠంలో బండిలో ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోమని, డీజిల్ పోయించిన ప్రతిసారీ తేదీ, ఓడోమీటర్ అంకె, లీటర్లు, రూపాయలు రాయమని చెప్పాను. రాసినవాళ్లు దాన్ని పక్కన పెట్టుకుని ఇది చదవండి. రాయనివాళ్లూ చదవొచ్చు, కాకపోతే అది ఎవరి బండి లెక్కో చదివినట్టుంటుంది.

డాష్‌బోర్డు మీద మెరిసే మైలేజీ అంకెను ముందు పక్కన పెట్టేద్దాం. ఇంజెక్టర్లు ఎంత డీజిల్ చిమ్మాయో కంప్యూటర్ వేసుకున్న అంచనా అది. మామూలుగా కాస్త ఎక్కువే చూపిస్తుంది. కాలు తేలిక చేస్తే తేడా వస్తోందా లేదా అని చూసుకోవడానికి పనికొస్తుంది కానీ డబ్బు లెక్కకు పనికిరాదు. కంపెనీ ప్రకటించే అంకె కూడా అంతే. బండిని రోలర్ల మీద నిలబెట్టి, 90 కిలోమీటర్ల వేగం దాటకుండా చేసే పరీక్షలో వచ్చింది అది. సాయంత్రం ఏడింటికి బెంగళూరు సిల్క్ బోర్డు జంక్షన్ ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని నిలబడటం ఆ పరీక్షలో లేదు.

మనకు మిగిలింది ఒకటే దారి: ఫుల్ ట్యాంక్ నుంచి ఫుల్ ట్యాంక్. ఇవాళ ఫుల్ చేయించి ట్రిప్ మీటర్ సున్నా చేయండి. తిరగండి. మళ్లీ ఫుల్ చేయించినప్పుడు పట్టిన లీటర్లతో తిరిగిన కిలోమీటర్లను భాగించండి. ఇది అందరికీ తెలిసిందే. అయినా పది మందిలో ఎనిమిది మంది తప్పు అంకె తెచ్చుకుంటారు. ఆ తప్పు జరిగేది బంకులో.

డీజిల్ నురగ కడుతుంది. స్పీడుగా పోస్తే ఆ నురగ మెడ దాకా వచ్చి, లోపల ఇంకా చోటుండగానే నాజిల్ టక్కుమని ఆగిపోతుంది. అప్పుడు బంకు కుర్రాడు మీటర్ వైపు చూసి, "రౌండ్ ఫిగర్ చేసేయమంటారా సార్?" అంటాడు. ఒక రోజు సరే అంటారు, ఇంకో రోజు వద్దంటారు. ఆ రెండింటికీ మధ్య రెండు లీటర్ల తేడా సులువుగా వచ్చేస్తుంది. పాతిక లీటర్లు పట్టినప్పుడు రెండు లీటర్ల తేడా అంటే ఎనిమిది శాతం పొరపాటు. డెబ్బై లీటర్లు పట్టినప్పుడు మూడు శాతం కూడా కాదు. అందుకే పావు ట్యాంకుకు మైలేజీ చూసుకుని దిగులు పడకండి. టయోటా హైలక్స్ లాంటి పికప్‌కు 80 లీటర్ల ట్యాంకు ఉంటుంది, దాన్ని బాగా ఖాళీ చేశాకే లెక్క చూడండి. వీలైతే అదే బంకు, అదే పంపు, నెమ్మదిగా పోయించి మొదటిసారి ఆగగానే ఆపేయండి. రౌండ్ ఫిగర్ మోజు వదులుకోవాల్సిందే.

మన బెంగళూరు తెలుగువాళ్లకు ఇంకో చిక్కుంది. శుక్రవారం రాత్రి మారతహళ్లిలో ఫుల్ చేయించి తిరుపతి వెళ్లి, అక్కడ మళ్లీ ఫుల్ చేయించి, "హైవేలో పదమూడు ఇచ్చింది!" అని ఇంట్లో అందరికీ చెప్పేస్తారు. బెంగళూరు సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన ఉంది. తిరుపతి 160 దగ్గర. పోయేటప్పుడు దిగుతున్నారు. సుమారు రెండున్నర టన్నుల బరువును తిరిగి ఆ ఎత్తుకు ఎక్కించడానికే లీటరున్నర దాకా అదనంగా కాలుతుంది. 250 కిలోమీటర్ల ప్రయాణంలో ఇది చిన్న తేడా కాదు. రానూ పోనూ కలిపి చూస్తేనే అది మైలేజీ. మదనపల్లె, అనంతపురం వైపు వెళ్లేవాళ్లకూ ఇదే మాట, కాకపోతే దిగుడు తక్కువ. ఇక ఆంధ్రలో డీజిల్ రేటు ఎక్కువని బార్డర్‌కు ఇవతలే పోయించుకోవడం మంచి అలవాటే, కానీ పద్దులో రేటు వేరు, లీటర్లు వేరు. రెండూ కలిపి ఒకే అంకె రాస్తే తర్వాత విడదీయలేరు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం: టైర్లు. పికప్ కొన్న ఏడాదిలోపే చాలామంది మట్టిలో, రాళ్లలో కూడా పట్టు ఇచ్చే పెద్ద ఆల్ టెరైన్ టైర్లు వేయిస్తారు. ఆ మర్నాటి నుంచి "మైలేజీ చచ్చిపోయింది" అంటారు. చావలేదు, సగం లెక్క తప్పింది. టైరు పక్కన 265/65 ఆర్17 అని ఉందనుకోండి. 265 మిల్లీమీటర్ల వెడల్పు, అందులో 65 శాతం పక్క గోడ ఎత్తు, 17 అంగుళాల రిమ్. గోడ 172, అది పైన ఒకటి కింద ఒకటి, రిమ్ 432. మొత్తం వ్యాసం సుమారు 776 మిల్లీమీటర్లు. దాని బదులు 285/70 ఆర్17 వేస్తే 831 వస్తుంది. అంటే చక్రం ఒక్కో చుట్టుకు ఏడు శాతం ఎక్కువ దూరం పోతుంది. ఓడోమీటర్‌కు ఆ సంగతి తెలియదు. అది పాత టైరు లెక్కనే చుట్లు లెక్కపెడుతుంది.

పద్దులో చూద్దాం. పాత టైర్లతో లీటరుకు 10.5 వచ్చేది. కొత్త టైర్లతో మీటర్ 560 కిలోమీటర్లు చూపించింది, 62 లీటర్లు పట్టింది. భాగిస్తే 9.03. పద్నాలుగు శాతం పడిపోయింది, గుండె జారిపోతుంది. కానీ బండి నిజంగా పోయింది 560 ఇంటూ 1.07, అంటే దాదాపు 599. మైలేజీ 9.66. నిజంగా తగ్గింది ఎనిమిది శాతమే. అది టైరు బరువుకీ, రోడ్డును పట్టుకునే ఆ ముద్దల డిజైన్‌కీ కట్టే సుంకం. 1.07ను గుడ్డిగా నమ్మక్కర్లేదు. హైవేలో ఫోన్ మ్యాప్ చూపే యాభై కిలోమీటర్లకు మీ మీటర్ ఎంత చూపిందో చూసి, మీ సొంత గుణకం తెచ్చుకోండి. ఇంకో సంగతి. స్పీడోమీటర్ ఎప్పుడూ కాస్త ఎక్కువ చూపించేలా కంపెనీ పెడుతుంది. పెద్ద టైర్లతో ఆ వెసులుబాటు పోతుంది. కెమెరాలున్న చోట గుర్తుంచుకోండి.

మట్టి దారుల్లో మాత్రం ఈ లెక్కలేవీ పెట్టకండి. సకలేశ్‌పూర్ తోటల్లో లో గేరులో, టైర్లలో గాలి తగ్గించి పాకుతున్నప్పుడు కిలోమీటర్లకు అర్థం లేదు. ఆ రోజు ఎన్ని గంటలు ఇంజిన్ నడిచిందో రాసి, పేజీ పక్కన గుర్తు పెట్టండి. తారు రోడ్డెక్కే ముందు గాలి నింపండి, ఫోర్ వీల్ డ్రైవ్ తీసి టూ వీల్‌లో పెట్టండి.

డాలస్‌లో ఉండే బావమరిది ఫోన్ చేసి "నా ట్రక్కు పదహారు ఇస్తుంది" అంటే కంగారు పడొద్దు. అక్కడ పికప్‌నే ట్రక్కు అంటారు. ఆ పదహారు గ్యాలనుకు మైళ్లు. 0.425తో గుణిస్తే లీటరుకు 6.8 కిలోమీటర్లు. రామ్ 1500 టీఆర్ఎక్స్ అనే రాక్షసికి అక్కడి ప్రభుత్వ అంకె 12, అంటే 5.1. మనం ఇక్కడ భారీ బండి అనుకునే హైలక్స్, శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వీ-క్రాస్ వాళ్ల లెక్కలో మిడ్ సైజు. గ్యాలన్ బ్రిటిష్‌దైతే 0.354తో గుణించాలి, అది పెద్ద గ్యాలన్.

ఇక రూపాయలు. డీజిల్ లీటరు 90 అనుకుంటే 9.66 మైలేజీకి కిలోమీటరుకు 9 రూపాయల 30 పైసలు. టైర్ల సెట్టు 80 వేలు, 50 వేల కిలోమీటర్లు వస్తాయనుకుంటే రూపాయి అరవై. 35 లక్షల బండి ఆరేళ్ల తర్వాత 20 లక్షలకు పోతుందనుకోండి. ఏడాదికి రెండున్నర లక్షల విలువ తరిగినట్టు. వారాంతాలు మాత్రమే తీసి ఏడాదికి 8 వేల కిలోమీటర్లు తిప్పే ఐటీ ఉద్యోగికి కిలోమీటరుకు 31 రూపాయలు దానికే పోతుంది. ఇన్సూరెన్స్, సర్వీసు ఇంకా కలపనే లేదు. ఆయన ఏడాదంతా జాగ్రత్తగా నడిపి మైలేజీని 9.66 నుంచి 10.6కు తెస్తే మిగిలేది ఆరున్నర వేలు. మైలేజీ గురించి ఇంత పాఠం చెప్పి ఈ మాట అనడం బాగోదు గానీ, ఆయన టెన్షన్ పడాల్సింది డీజిల్ గురించి కాదు. అదే మదనపల్లెలో తోట పెట్టుకుని వారానికి రెండుసార్లు పోయొచ్చే మనిషి ఏడాదికి పాతిక వేలు తిప్పుతాడు. బండి అమ్మేటప్పుడు ధర కాస్త తగ్గినా ఆయనకు ఆ 31 పదకొండు, పన్నెండుకు దిగుతుంది. ఆయనకు ప్రతి పాయింటూ డబ్బే.

అభ్యాసం: మీ పద్దులో చివరి మూడు ఫుల్ ట్యాంకులు తీసుకోండి. వాటిని విడివిడిగా కాదు, కిలోమీటర్లన్నీ ఒకచోట, లీటర్లన్నీ ఒకచోట కూడి భాగించండి. మూడు మైలేజీల సగటు తీస్తే వేరే అంకె వస్తుంది, రెండూ రాసి పెట్టుకోండి. ఎందుకు వేరుగా వచ్చిందో నాలుగో పాఠంలో చూద్దాం, సర్వీసు బిల్లును లైను లైనుగా చదవడం మొదలుపెట్టే ముందు.