హార్మోన్లను దెబ్బతీసే కెమికల్స్‌ని స్టేట్ చట్టంతో ఆపించడం ఎలా? వాషింగ్టన్ స్టేట్‌లో ఉన్న మనవాళ్ల కోసం

ఇండియన్ స్టోర్‌లో సరుకులు కొన్నాక చేతికిచ్చే బిల్లు ఉంటుంది కదా, ఒక పాత బిల్లు తీసి గోరుతో గట్టిగా గీసి చూడండి. నల్లగా గీత పడితే అది థర్మల్ పేపర్. దాంట్లో ఇంకు ఉండదు, కాగితం మీద పూసిన రెండు పదార్థాలు వేడి తగలగానే కలిసి అక్షరాలుగా మారతాయి. ఆ రెండింటిలో ఒకటి చాలా ఏళ్లపాటు బిస్ఫినాల్ ఎ, అదే బీపీఏ, హార్మోన్లను దెబ్బతీసే కెమికల్స్‌లో ఒకటి. గట్టి ప్లాస్టిక్‌లో అయితే అది గొలుసులా అతుక్కుని ఉంటుంది, కాగితం మీద మాత్రం విడిగా పొడిలా ఉంటుంది కాబట్టి పట్టుకున్న వేలికి అంటుకుంటుంది, చేతికి లోషనో శానిటైజరో రాసుకుని ఉంటే చర్మంలోంచి ఇంకా ఎక్కువ లోపలికి పోతుంది.

మా చిన్నదానికి రెండేళ్లప్పుడు కార్ట్‌లో కూర్చోబెడితే ఏడవకుండా ఉండాలని ఆ బిల్లే చేతికిచ్చేదాన్ని. తోటకూర కట్టలు, మునక్కాయలు కార్లో సర్దుకునేలోపు సగం కాగితం నమిలేసి ఉండేది. ఈ సంగతి తెలిసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇంట్లో ప్లాస్టిక్ డబ్బాలన్నీ తీసేసి స్టీలువి కొన్నాను, షాంపూలు మార్చాను, సువాసన ఉన్న లోషన్లు మానేశాను. కానీ ప్రతి కౌంటర్ దగ్గరా నిలబడి మీ కాగితంలో ఏముందని అడగలేం. అడిగినా ఆ కౌంటర్‌లో పిల్లాడికి తెలియదు, పైగా వాడు రోజంతా ఆ బిల్లులే పట్టుకుంటాడు. మనం కొనుక్కుని తప్పించుకోగలిగింది చాలా కొంచెం, మిగతాది చట్టమే చేయాలి.

వాషింగ్టన్ అది చేసింది కూడా. 2019లో ఒక చట్టం వచ్చింది, దాని ప్రకారం ఎకాలజీ డిపార్ట్‌మెంట్, అంటే స్టేట్ పర్యావరణ శాఖ, ఐదు రకాల కెమికల్స్ మీద, అంటే పీఫాస్ (నీళ్లు, నూనె అంటకుండా పూసేవి), థాలేట్లు (ప్లాస్టిక్‌ని మెత్తబరిచేవి, సువాసనల్లోనూ కలిపేవి), బిస్ఫినాల్ లాంటి ఫినాల్స్, మంటలు అంటుకోకుండా కలిపే ఫ్లేమ్ రిటార్డెంట్లు, పీసీబీల (పాత ఎలక్ట్రికల్ పరికరాల్లో వాడినవి) మీద పని మొదలుపెట్టి 2023లో రూల్ తెచ్చింది. బిల్లు కాగితాల్లో బిస్ఫినాల్స్ మీద ఆంక్ష 2026 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. చట్టం నుంచి కౌంటర్ దాకా రావడానికి ఏడేళ్లు పట్టింది. ఈ ఏడేళ్లలో ప్రతి మెట్టు దగ్గరా మామూలు జనం మాట్లాడే అవకాశం ఉంది, ఆ అవకాశం ఎలా వాడుకోవాలో చెప్పడానికే ఇదంతా రాస్తున్నా.

ముందుగా అందరూ అడిగే ప్రశ్న. "మేము హెచ్1బీ మీద ఉన్నాం, ఇలాంటివాటిలో తలదూరిస్తే ప్రాబ్లం కాదా?" చట్టసభలో పెట్టిన ఒక బిల్లు (ఇది కొట్టు బిల్లు కాదు, చట్టం కావాల్సిన ప్రతిపాదన) మీద మీ అభిప్రాయం చెప్పడానికి, కమిటీ ముందు మాట్లాడడానికి సిటిజన్ అయి ఉండాల్సిన పని లేదు. మీరు ఇక్కడ ఉంటున్నారు, ఇక్కడి నీళ్లు తాగుతున్నారు, మీ పిల్లలు ఇక్కడి స్కూల్‌కి వెళ్తున్నారు, అది చాలు. చేయకూడనిది ఒకటుంది: గ్రీన్ కార్డ్ లేనివాళ్లు ఎన్నికల ప్రచారాలకి డబ్బు ఇవ్వకూడదు, ఆ గీత మాత్రం దాటొద్దు.

తర్వాత, మీ ఎమ్మెల్యేలు ఎవరో తెలుసుకోండి. రాష్ట్రంలో 49 లెజిస్లేటివ్ జిల్లాలు, అంటే మన నియోజకవర్గాల్లాంటివి, ఒక్కో జిల్లాకి ఒక సెనేటరు, ఇద్దరు రెప్రజెంటేటివ్‌లు, అంటే మీకంటూ ముగ్గురున్నారు. అసెంబ్లీ వెబ్‌సైట్‌లో ఇంటి అడ్రస్ కొడితే పేర్లు వస్తాయి. సెషన్ జనవరి రెండో సోమవారం మొదలవుతుంది, బేసి సంవత్సరాల్లో 105 రోజులు, సరి సంవత్సరాల్లో 60 రోజులే. సెషన్ మొదలయ్యాక వాళ్లకి ఊపిరాడదు, కాబట్టి నవంబర్, డిసెంబర్‌లలోనే పది నిమిషాల అపాయింట్‌మెంట్ అడగండి. ఒక్కోసారి వాళ్ల అసిస్టెంటే మాట్లాడతారు, దానికి చిన్నబుచ్చుకోవద్దు, ఏ బిల్లు గురించి ఎంతమంది అడిగారో లెక్క రాసిపెట్టేది ఆ అసిస్టెంటే. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్తే ఇంకా మంచిది, ఒకే అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్ నుంచి నలుగురు తల్లులు ఒకే మాట చెబితే మర్చిపోరు.

ఇక బిల్లు చదవడం. లాయర్ భాష చూసి భయపడకండి, చూడాల్సినవి కొన్నే. మొదటిది, కెమికల్‌ని ఒక్కొక్కటిగా పేరు పెట్టి ఆపుతున్నారా, మొత్తం కుటుంబాన్నీ ఆపుతున్నారా? ఇది నాకు అన్నింటికంటే ముఖ్యం. బీపీఏ మీద గొడవ మొదలయ్యాక కంపెనీలు దాని చెల్లెలు లాంటి బీపీఎస్‌ని, అంటే బిస్ఫినాల్ ఎస్‌ని తెచ్చాయి, మీద "బీపీఏ ఫ్రీ" అని రాశాయి, అది కూడా హార్మోన్లతో అలాగే ఆడుకుంటుందని తర్వాత తేలింది. వాషింగ్టన్ రూల్ కొట్టు బిల్లు కాగితాల్లో బిస్ఫినాల్స్ అన్నింటినీ కలిపి పట్టుకోవడానికి కారణం అదే. కాబట్టి మీరు చదివే చట్టం బిల్లులో ఒక్క పేరే కనిపిస్తే "దీన్ని మొత్తం తరగతికి వర్తింపజేయండి" అని మీ మొదటి కోరిక పెట్టండి. రెండోది, తేదీ. ఏ రోజు నుంచి అమ్మకూడదో స్పష్టంగా ఉండాలి. మూడోది, ఎవరికి మినహాయింపు ఇచ్చారు, ఎందుకిచ్చారు, ఆ మినహాయింపు ఎప్పుడు ముగుస్తుంది. నాలుగోది జరిమానా, అది లేకపోతే మిగతాదంతా కాగితం మీదే ఉంటుంది.

హియరింగ్, అంటే బిల్లు మీద కమిటీ జనం మాట వినే రోజు గురించి కాస్త వివరంగా చెప్తా, ఎందుకంటే అందరికీ టెన్షన్ అక్కడే. స్టేట్ రాజధాని ఒలింపియా దాకా డ్రైవ్ చేయక్కర్లేదు, ఇంట్లోంచే వీడియోలో మాట్లాడొచ్చు. కమిటీ ఎజెండాలో మీ బిల్లు నంబర్ ఎంచుకుని, హియరింగ్ మొదలవడానికి గంట ముందులోపు రిజిస్టర్ చేసుకోవాలి. అక్కడ మూడు దారులుంటాయి: మాట్లాడడం, రాతపూర్వకంగా పంపడం, ఊరికే "అనుకూలం" అని పేరు నమోదు చేయడం. మూడోదానికి రెండు నిమిషాలు పట్టదు, మాట్లాడాలంటే బెరుకుగా ఉన్నవాళ్లు కనీసం అదైనా చేయండి, ఎంతమంది అనుకూలం ఎంతమంది వ్యతిరేకం అనే సంఖ్య రికార్డులోకి వెళ్తుంది. రాతపూర్వకంగా అయితే హియరింగ్ మొదలైన దగ్గర్నుంచి 24 గంటల దాకా టైమ్ ఉంటుంది.

2023 సెషన్‌లో కాస్మెటిక్స్ బిల్లు, హెచ్‌బీ 1047, రెప్రజెంటేటివ్ షార్లెట్ మేనా పెట్టింది, దానికి నేను మొదటిసారి మాట్లాడాను. నాలుగు పేజీలు రాసుకున్నా, నిండా సైన్సే. రాత్రి కిచెన్ టైమర్ పెట్టుకుని చదివితే ఏడు నిమిషాలు వచ్చింది. వాళ్లు ఇచ్చేది ఒకటో రెండో నిమిషాలు, జనం ఎక్కువైతే అది కూడా తగ్గిస్తారు. కొట్టేసి కొట్టేసి చివరికి మిగిలింది ఇది: నా పేరు, ఊరు, ఈ బిల్లుకి మద్దతిస్తున్నాను, మా పాప తలకి రాసే క్రీమ్ డబ్బా మీద పదార్థాల జాబితాలో "ఫ్రాగ్రెన్స్" అని ఒక్క మాట ఉంది, ఆ మాట వెనక థాలేట్లు ఉన్నాయో లేవో తల్లిగా తెలుసుకునే దారి నాకు లేదు, దయచేసి ఈ బిల్లు పాస్ చేయండి. డబ్బాని కెమెరా ముందు పట్టుకుని చూపించాను. గొంతు వణికింది, ఇంగ్లీష్ రెండుచోట్ల తడబడింది, ఎవరూ పట్టించుకోలేదు. ఒకావిడ కెమెరా దగ్గరికి వంగి ఆ లేబుల్ చదవడానికి ప్రయత్నించడం నాకు ఇంకా గుర్తుంది. ఆ బిల్లు చట్టమైంది, 2025 జనవరి నుంచి థాలేట్లు, ట్రైక్లోసాన్ (క్రిముల్ని చంపడానికి కలిపేది), పీఫాస్ లాంటివి కలిపిన కాస్మెటిక్స్‌ని ఇక్కడ ఆపేశారు. సైన్స్ చెప్పడానికి డాక్టర్లు వస్తారు, మీ ఇంట్లో జరిగింది మీరు తప్ప ఇంకెవరూ చెప్పలేరు.

బిల్లుని వ్యతిరేకించే కంపెనీల వైపు నుంచి వచ్చే మాటలకి మాత్రం సిద్ధంగా ఉండండి. "ఇంత తక్కువ మోతాదులో ఏం కాదు" అంటారు. హార్మోన్లు పనిచేసేదే అతి తక్కువ మోతాదులో కదా. బీపీఏ ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్‌లా పనిచేస్తుందని చార్లెస్ డాడ్స్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1936లోనే చూపించాడు, అంటే ప్లాస్టిక్ సీసాల్లోకి రాకముందే. 2023లో యూరప్ ఆహార భద్రతా సంస్థ బీపీఏ రోజుకి ఎంత వరకు సురక్షితం అనే పరిమితిని 20,000 రెట్లు తగ్గించింది. ఇంకో మాట, "ఒక్కో స్టేట్‌కి ఒక్కో రూలైతే వ్యాపారం ఎలా, ఫెడరల్ ప్రభుత్వం చూసుకుంటుందిలే." 1976లో కెమికల్స్ మీద ఫెడరల్ చట్టం వచ్చినప్పుడు అప్పటికే మార్కెట్‌లో ఉన్న దాదాపు 62,000 కెమికల్స్‌ని పరీక్ష అడగకుండా వదిలేశారు. పసిపిల్లల పాల సీసాల్లో బీపీఏని మొదట ఆపిన స్టేట్ మిన్నెసోటా, 2009లో. ఇంకొన్ని స్టేట్‌లు అదే దారి పట్టాయి, కంపెనీలు వాడకం మానేశాయి, ఆ తర్వాతే 2012లో ఎఫ్‌డీఏ (ఆహారం, మందుల్ని చూసే ఫెడరల్ సంస్థ) దేశమంతటా అనుమతి తీసేసింది. స్టేట్‌లు ముందు నడిస్తేనే వాషింగ్టన్ డీసీ కదులుతుంది, ఇది ఒక్క వాక్యంలో చెప్పగలిగితే చాలు.

హియరింగ్ బాగా జరిగిందని సంబరపడి వదిలేయకండి, బిల్లులు ఎక్కువగా చనిపోయేది ఆ తర్వాతే. ఖర్చు అంచనా కోసం బడ్జెట్ కమిటీకి పోతుంది, ఆపైన ఏ బిల్లు సభ ఓటుకి రావాలో తేల్చే రూల్స్ కమిటీలో చప్పుడు లేకుండా కూర్చుంటుంది, కట్ఆఫ్ తేదీ, అంటే బిల్లు ఆ మెట్టు దాటాల్సిన గడువు, దాటితే ఆ ఏడాదికి అంతే. (బేసి సంవత్సరంలో ఆగిన బిల్లు మరుసటి ఏడాదికి బతికే ఉంటుంది, అదొక ఊరట.) ఈ దశలో పెద్ద ఈమెయిల్స్ వద్దు, బిల్లు నంబర్ వేసి "దయచేసి ఫ్లోర్‌కి (సభ మొత్తం ఓటుకి) తీసుకురండి" అని మూడు లైన్లు మీ ముగ్గురికీ పంపండి, కట్ఆఫ్‌కి వారం ముందు ఒకసారి, రెండ్రోజుల ముందు ఇంకోసారి. గవర్నర్ బల్ల మీదికి చేరాక కూడా రాయండి. కాలిఫోర్నియాలో వంటపాత్రల్లో పీఫాస్ ఆపే బిల్లు రెండు సభలూ దాటి వెళ్లాక 2025 అక్టోబర్‌లో గవర్నర్ వీటో చేశాడు.

వేరే స్టేట్‌లలో ఉన్నవాళ్లకి క్యాలెండర్ మారుతుంది, పద్ధతి దాదాపు ఇదే. టెక్సస్‌లో ఉన్నవాళ్లు గుర్తుంచుకోండి, అక్కడ రెగ్యులర్ సెషన్ బేసి సంవత్సరాల్లోనే, 140 రోజులే. మిన్నెసోటా తెచ్చిన పీఫాస్ చట్టం గురించి చదవండి, అమారా స్ట్రాండే అనే అమ్మాయి పేరు మీద ఉంది. ఒక కెమికల్ కంపెనీ పారేసిన చెత్త వల్ల భూగర్భ జలాల్లో పీఫాస్ చేరిన ప్రాంతంలో ఆ అమ్మాయి పెరిగింది, అరుదైన లివర్ క్యాన్సర్‌తో బాధపడుతూనే కమిటీల ముందు మాట్లాడింది, 2023 ఏప్రిల్‌లో, 21వ పుట్టినరోజుకి రెండు రోజుల ముందు చనిపోయింది. మరుసటి నెలలో చట్టం మీద సంతకం పడింది. నాన్‌స్టిక్ పెనాలు, కార్పెట్లు, డెంటల్ ఫ్లాస్ సహా పదకొండు రకాల వస్తువుల్లో పీఫాస్ కలపడం 2025 జనవరి 1 నుంచి అక్కడ నిషేధం. నాకు మాట్లాడాలంటే భయం వేసినప్పుడల్లా ఆ అమ్మాయే గుర్తొస్తుంది.

చట్టం వచ్చాక రూల్స్ రాసే దశ ఉంటుంది, మనవాళ్లు పూర్తిగా వదిలేసేది దీన్నే. ఏ వస్తువుల మీద ఆంక్ష పెట్టాలో ఎకాలజీ డిపార్ట్‌మెంట్ ఐదేళ్లకోసారి మళ్లీ చూస్తుంది, డ్రాఫ్ట్ బయటపెట్టి కామెంట్లు అడుగుతుంది. వాళ్ల ఈమెయిల్ లిస్ట్‌లో చేరండి. మన ఇళ్లలో ఉండే జుట్టు నూనెలు, టాల్కమ్ పౌడర్లు, పూజకి వాడే సువాసన నూనెలు వాళ్ల సర్వేల్లో ఎప్పుడూ పడకపోవచ్చు, మనం చెప్పకపోతే వాళ్లకి తెలిసే దారి లేదు. డబ్బాని వెనక్కి తిప్పి, పదార్థాల జాబితా స్పష్టంగా కనిపించేలా ఫోటో తీసి, ఎక్కడ కొన్నారో, ఇంట్లో ఎవరు వాడతారో, రోజుకి ఎన్నిసార్లో రాసి కామెంట్‌కి జతచేయండి.